గోనెపట్ట కట్టినవాడు గుమ్మం దాటగలడా?



కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం సాయంకాలం జరిగిన సంగతి మీతో పంచుకొనుచున్నాను. ఇది గొప్పగా చెప్పుకొనే సాక్ష్యం కాదు, సిగ్గుతో చెప్పుకొనేది.

మా సంఘంలోని ఒక యౌవనస్థుడు జిల్లా కేంద్రంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాడు. తల్లి బీడీలు చుట్టి చదివిస్తున్నది. ఆ సాయంకాలం అతడు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. చెవుల మీద పడుతున్న జుట్టు, మాసిన గడ్డం, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు ప్యాంటు, మెడలో ఎర్ర రుమాలు. నేను కుర్చీ చూపించక ముందే మొదలు పెట్టాడు.

“అయ్యగారూ, మా హాస్టల్ల నీళ్ళు మంచిగ లేవు. తాగినోళ్ళకు కడుపుల నొస్తుంది. రేపు కలెక్టరాఫీసు కాడ ధర్నా చేస్తున్నం. మీరొక్కసారి మాతోటి రాండ్రి. పెద్దమనిషి ఉంటే మా మాట ఇంటరు.”

నేను అతణ్ణి పైనుండి కింది దాకా చూశాను. “ముందు ఆ జుట్టు కత్తిరించుకొని రా నాయనా. ఈ అవతారంతో పోతే కలెక్టరు గారి దాకా ఎందుకు, అటెండరు కూడా లోపలికి రానియ్యడు” అన్నాను. అని నవ్వాను కూడా. తరువాత ప్రార్థన చేసి పంపించాను. ఆ ప్రార్థనలో నీళ్ళ సంగతి ఒక్క మాట. ‘ఈ పిల్లలకు మంచి బుద్ధి దయచేయుము’ అన్నది పది మాటలు.

రెండు వారాలు కాలేదు, ఆ తల్లి ఏడుస్తూ ఫోను చేసింది. కుమారుడు కామెర్లతో పెద్దాసుపత్రిలో ఉన్నాడు. పరుగున వెళ్ళాను. చేతికి సెలైను పెట్టి ఉంది. కళ్ళు పచ్చబడిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు, చేతకాలేదు. మెల్లగా ఒక మాట అన్నాడు.

“అయ్యగారూ, ఆ రోజు మీరు నా జుట్టు చూసిండ్రు. నేను నీళ్ళ సంగతి చెప్పిన.”

దేవుని కృపవలన ఆ బిడ్డ స్వస్థత పొందాడు. కాని ఆ మాట మాత్రం నన్ను విడువలేదు. పిల్లలు న్యాయం కోసం రోడ్డు మీదికి వచ్చినప్పుడు మనం మొదట ఏమి చూస్తున్నాము? వాళ్ళ బట్టలా, వాళ్ళ బాధా?

గడీ ముందు తలగుడ్డ

బట్టల సంగతి చిన్నదేమీ కాదు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పెద్దలను అడగండి. దొర గడీ ముందు నుండి పోవాలంటే చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. ఎవరు ఏమి కట్టాలో, ఎంతవరకు కట్టాలో కులమే నిర్ణయించింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది మంది రైతు కూలీలు ఊరేగింపుగా కదిలి వచ్చారంటే, ఇలాంటి అవమానాలు ఎన్నో తరాలుగా లోపల రగులుతూ ఉండటమే ఒక కారణం. ఆ తరువాత నడిచిన తుపాకుల దారిని మనం సమర్థించలేము. అయితే ఆ అవమానం మాత్రం నిజం.

అందుకే మన ఊళ్ళలో అంబేడ్కరు గారి విగ్రహానికి నీలం కోటు, టై తప్పకుండా ఉంటాయి. ఎండాకాలంలో కోటు ఎందుకని నవ్వేవారు దాని అర్థం గ్రహించరు. నీవు ఇంతకంటే మంచి బట్ట కట్టరాదు అని శాసించిన సమాజానికి ఆ కోటే జవాబు. 1927 డిసెంబరులో మహాడ్‌లో ఆయన స్త్రీలతో మాట్లాడినప్పుడు కూడా, చూడగానే అంటరానివారని గుర్తుపట్టే విధమైన చీరకట్టును, నగలను విడిచిపెట్టుమని హెచ్చరించాడు.

గాంధీగారు దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచారు. ఇంగ్లాండులో చదివిన బారిస్టరు 1921 సెప్టెంబరు 22న మదురైలో పైబట్టలు విడిచి కొల్లాయి కట్టారు. పేదవానికి ఉన్నంతే తనకూ చాలునన్నారు. ఆ వేషాన్ని చర్చిలు ఎగతాళి చేశాడు. అయినా 1931లో లండనులో చక్రవర్తి దర్శనానికి కూడా గాంధీగారు అదే కట్టుతో వెళ్ళారు.

ఒకరు కోటు తొడిగారు, ఒకరు కోటు విడిచారు. ఇద్దరూ బట్టతోనే మాట్లాడారు. కాబట్టి నిరసన తెలిపేవారు ఏమి ధరించారన్నది పట్టించుకోదగిన సంగతే. అయితే దానిని చూసిన తరువాత మనం ఏమి చేస్తామన్నదే అసలు ప్రశ్న.

మెడలో ఏ రంగు కండువా?

మా చిన్నతనంలో ఈ ప్రాంతాలలో గడ్డం పెంచి, భుజాన గుడ్డసంచి వేసుకొని తిరిగే విద్యార్థిని చూస్తే ‘అన్నలలో కలిసినాడా ఏమి’ అని ఇంటివాళ్ళే భయపడేవారు. పోలీసులు ఆపి అడిగేవారు. తల్లులు రాత్రివేళ కుమారుల సంచులు వెదికేవారు. ఆ భయం ఊరకే పుట్టలేదు. ఎందరో బిడ్డలు అడవిలో కలిసిపోయారు, ఎందరో తిరిగి రాలేదు. అయితే ఆ భయం మన కళ్ళకు ఒక చెడ్డ అలవాటు నేర్పింది. విషయం వినకముందే వేషాన్ని బట్టి తీర్పు తీర్చే అలవాటు అది.

2009 నవంబరు 29న కరీంనగర్ దగ్గర అలుగునూరులో కె. చంద్రశేఖరరావు గారిని అరెస్టు చేసిన తరువాత తెలంగాణ అంతటా విద్యార్థులు లేచారు. ఆ ఉద్యమ సభలలో భుజాన గొల్లవారి గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో డప్పు కనిపించాయి. చదువుకున్నవారు నామోషీగా చూసిన గొంగడి వేదికకు ఎక్కింది. గొంగడి వేసుకున్న విద్యార్థి ‘నేను మా తాత మనుమణ్ణి’ అని నోరు తెరవకుండానే చెప్పాడు.

ఇప్పుడు కాలం మారింది. నేడు విద్యార్థులు ధర్నాకు కూర్చుంటే ఊరు మొదట అడిగే ప్రశ్న, మెడలో ఏ రంగు కండువా ఉంది అని. ఎరుపా, కాషాయమా, గులాబీయా, మూడు రంగులదా? రంగు తెలిసిందంటే చాలు, ‘ఓహో, ఫలానావాళ్ళు చేయిస్తున్నారు’ అని తేల్చేసి ఇంటికి పోతాము. పిల్లవాడు చెప్పిన నీళ్ళ సంగతి, అన్నం సంగతి అక్కడే ఆగిపోతుంది.

బాసరలో ఏడు రోజులు

కండువా లేకపోతే వింటారా? దానికి కూడా మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది.

బాసర ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనిది, 2016 నుండి నిర్మల్ జిల్లాలో ఉంది. అక్కడ 2008లో ప్రారంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని మనమంతా బాసర ట్రిపుల్ ఐటీ అంటాము. పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పేద పిల్లలు అక్కడే ఉండి ఆరేళ్ళు చదివి ఇంజనీర్లవుతారు. మన సంఘాల బిడ్డలు కూడా అక్కడ చదివారు.

2022 జూన్ 14న అక్కడి విద్యార్థులు వేలాదిగా బయటికి వచ్చి కూర్చున్నారు. వారి కోరికలు 12. శాశ్వత వైస్ ఛాన్సలరును నియమించాలి, చాలినంత మంది అధ్యాపకులు కావాలి, మెస్‌లో భోజనం బాగుపడాలి, ల్యాప్‌టాపులు, యూనిఫాంలు ఇవ్వాలి, ఇలాంటివి. ఎండ కాసింది, వాన కురిసింది, పిల్లలు లేవలేదు. వానలో గొడుగులు పట్టుకొని కూర్చున్న ఆ ఫోటోలు మీలో చాలామంది చూసి ఉంటారు. ఆడపిల్లలు కూడా కూర్చున్నారు. రాళ్ళు విసరలేదు, బస్సులు తగులబెట్టలేదు. పార్టీల నాయకులు వచ్చి చేరాలని చూసినా, ఏ పార్టీ జెండా కిందికీ పోకుండా తమ మాట తామే చెప్పుకున్నారు.

పెద్దలు చెప్పే మర్యాదలన్నీ ఆ పిల్లలు పాటించారు. అయినా మొదట దొరికిన జవాబు ఏమిటి? అవి ‘సిల్లీ’ కోరికలని విద్యాశాఖ మంత్రి అన్నట్టు పత్రికలలో వచ్చింది. అంటే, పిల్లల బట్టలలో తప్పు దొరకనప్పుడు వారి వయస్సులో తప్పు వెదకుతాము. చిన్నపిల్లలు, వారికేమి తెలుసు అంటాము.

యూనిఫాం అడగటం చిన్న సంగతి అనిపించవచ్చు. మన సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన బట్ట బడిపిల్లల యూనిఫాంలుగా రాష్ట్రమంతా పోతుంది. ఉన్నవాని బిడ్డ, లేనివాని బిడ్డ పక్కపక్కన కూర్చున్నప్పుడు తేడా కనబడకుండా చేసేది ఆ బట్టే. అది ఇవ్వండి అని అడిగిన పిల్లలు షోకుకు అడగలేదు.

ఏడవ రోజున, అనగా జూన్ 20 రాత్రి, మంత్రిగారే స్వయంగా వచ్చి కూర్చొని మాట్లాడి హామీ ఇచ్చారు. పిల్లలు నమ్మి లేచారు. ఎదురుగా కూర్చొని విన్నారు గనుకనే అది ముగిసింది. అయితే కథ అక్కడితో అయిపోలేదు. జూలై 15న అదే మెస్‌లో భోజనం చేసిన వందలాది విద్యార్థులు అస్వస్థులయ్యారు. నెల రోజుల ముందు వాళ్ళు వానలో కూర్చొని చెప్పింది ఆ భోజనం గురించే కదా!

2024లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడిలోని గిరిజన ఆశ్రమ పాఠశాలలో బాలికలు అస్వస్థులయ్యారు. వారిలో ఒక బిడ్డ నవంబరులో హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స పొందుతూ కన్నుమూసింది. ప్రియులారా, హాస్టలు అన్నం, హాస్టలు నీళ్ళు చిన్న సంగతులు కావు. పిల్లలు వాటి గురించి చెప్పినప్పుడు మనం బట్టల దగ్గర, కండువాల దగ్గర ఆగిపోతే, దాని వెల ఒక్కొక్కసారి ప్రాణమే.

నాగపూర్ నుండి నాష్‌విల్ దాకా

మంచి బట్టలు ధరించి నిరసన తెలిపిన విద్యార్థుల చరిత్రలో పేరుపొందినది అమెరికాలో ఉంది. దాని వేరు మాత్రం మన పొరుగున ఉన్నది.

ఆదిలాబాద్ నుండి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో నాగపూర్ ఉంది కదా. అక్కడి హిస్లాప్ కళాశాలకు 1953లో జేమ్స్ లాసన్ అనే నల్లజాతి మెథడిస్టు యువకుడు మిషనరీగా వచ్చాడు. మూడేళ్ళు ఇక్కడ ఉండి గాంధీగారి సత్యాగ్రహ మార్గాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. తిరిగి వెళ్ళి నాష్‌విల్ నగరంలో దైవశాస్త్రం చదువుతూ, ఒక చర్చిలో విద్యార్థులకు అహింసా పోరాటంలో తర్ఫీదు ఇచ్చాడు. తిట్టినా తిరిగి తిట్టకూడదు, కొట్టినా చేయెత్తకూడదు.

ఆ రోజులలో అక్కడి దుకాణాలలో నల్లవారు సరుకు కొనవచ్చు గాని, భోజనపు బల్ల దగ్గర కూర్చొని తినకూడదు. 1960 ఫిబ్రవరి 13న ఆ విద్యార్థులు, ఆదివారం ఆరాధనకు వెళ్ళినట్టు శుభ్రమైన దుస్తులలో, చేతిలో పాఠ్యపుస్తకాలతో వెళ్ళి ఆ బల్లల దగ్గర మౌనంగా కూర్చున్నారు. ఫిబ్రవరి 27న అల్లరిమూక వాళ్ళ మీద పడి కొట్టింది. పోలీసులు కొట్టినవారిని వదిలి, కూర్చున్నవారిని 80 మంది దాకా అరెస్టు చేశారు. లాసన్‌ను విశ్వవిద్యాలయం నుండి వెళ్ళగొట్టారు. అయినా మే 10న ఆ బల్లలు నల్లవారికి తెరువబడ్డాయి.

అదే సంవత్సరం రిచ్‌మండ్ నగరంలో కూడా ఇలాగే జరిగింది. అక్కడ కిల్‌పాట్రిక్ అనే పత్రికా సంపాదకుడు నల్లవారిని వేరుగా ఉంచాలని వాదించినవాడు. అతడే కోటు, టై కట్టుకొని పుస్తకం చదువుకుంటున్న నల్లజాతి విద్యార్థులను, బయట నిలబడి వారిని వెక్కిరిస్తున్న తెల్ల కుర్రవాళ్ళను చూసి, ఈ తేడా మనల్ని ఆలోచింపజేయాలని వ్రాయక తప్పలేదు. శత్రువు చేత కూడా ఒప్పించింది ఆ దుస్తులే.

కాని రెండు సంగతులు మరువకూడదు. మొదటిది, మంచి బట్టలు వాళ్ళను దెబ్బల నుండి కాపాడలేదు. రెండవది, తరువాత అదే ఉద్యమపు యౌవనులు మిసిసిపి పల్లెలకు వెళ్ళినప్పుడు కోట్లు విడిచి, పొలం కూలీలు తొడిగే ముతక నీలిబట్టలు తొడిగారు. పట్టణంలో కోటు ఎందుకు తొడిగారో, పల్లెలో దానిని అందుకే విడిచారు. ఎదుటివానికి తమ మాట చేరాలని!

హతాకును పంపుడి

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథం తెరవండి. ఎస్తేరు గ్రంథము నాలుగవ అధ్యాయము. తన జనమును నాశనము చేయుటకు ఆజ్ఞ పుట్టెనని తెలిసి మొర్దెకై బట్టలు చింపుకొని, గోనెపట్ట కట్టుకొని, బూడిద పోసుకొని, షూషను నడివీధిలో ఏడ్చాడు. ఒక విధంగా అది కూడా నిరసనే. రాజు గుమ్మం దాకా వచ్చి అక్కడ ఆగిపోయాడు. ఎందుకంటే గోనెపట్ట కట్టుకున్నవాడు ఆ గుమ్మంలో ప్రవేశించకూడదని కట్టడ ఉంది. గడీలే కాదు, షూషను కోట కూడా బట్టను చూసే లోపలికి రానిచ్చింది.

లోపల ఎస్తేరు రాణి ఏమి చేసింది? మొదట బట్టలు పంపించింది! ఆ గోనె తీసి ఇవి కట్టుకొమ్మన్నది. ఆమెకు మొర్దెకై మీద ప్రేమ లేక కాదు, పెంచిన తండ్రివంటివాడు గనుక అతని అవతారం చూసి తట్టుకోలేకపోయింది. మొర్దెకై ఆ బట్టలు తీసుకోలేదు.

అప్పుడు ఎస్తేరు రెండవ పని చేసింది. హతాకు అనే సేవకుణ్ణి పిలిచి, ఇది ఏమి, ఎందుకు అని తెలుసుకొని రమ్మని పంపింది. రక్షణ కథ అక్కడే మలుపు తిరిగింది. బట్టలు పంపినంతసేపు ఏమీ జరగలేదు. ప్రశ్న పంపినప్పుడు ఒక జనము బ్రతికింది.

ఆ ఆదివారం సాయంకాలం నేను చేసింది ఎస్తేరు చేసిన మొదటి పనే. జుట్టు కత్తిరించుకో అన్నాను, అంటే బట్టలు పంపించాను. హతాకును పంపలేదు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము, ప్రశస్త వస్త్రములు గలవానికి మంచి చోటు చూపి, మురికి బట్టలవానిని నిలువబెట్టే సంఘాన్ని అపొస్తలుడు గద్దించినప్పుడు, అది ఎవరి గురించో అనుకొని ఎన్నోసార్లు ప్రసంగించాను. అది నా గురించే. ఏలీయాబు ఎత్తు చూసి మోసపోయిన సమూయేలుకు ప్రభువు నేర్పిన పాఠం, నాకు ఆసుపత్రి మంచం పక్కన నేర్పాడు.

యౌవనస్థులారా, తల్లిదండ్రులారా

యౌవనస్థులారా, మీకొక మాట. ఎస్తేరు రాజు ఎదుట నిలువబోయే ముందు రాజవస్త్రములు ధరించుకొన్నది. అది నటన కాదు. తన జనము కొరకు తలుపు తెరువబడాలని చేసిన పని. కలెక్టరాఫీసుకు వినతిపత్రం ఇవ్వడానికి పోతున్నప్పుడు ఉతికిన చొక్కా వేసుకొని పోతే మీ పౌరుషం తగ్గదు. మీ మాటకు అడ్డం వచ్చేది ఏదైనా ఉంటే దానిని పక్కన పెట్టండి. వినతిపత్రంలో తేదీలు, సంగతులు ఉన్నవి ఉన్నట్టు వ్రాయండి. పుకారు కలపవద్దు. ఎవరి కండువా మీ మెడలో పడుతున్నదో చూసుకోండి. చేతిలో రాయి మాత్రం ఉండకూడదు. రాయి విసిరినవాడు ఏ బట్ట కట్టినా ఎవరూ వినరు, వినవలసిన అవసరమూ లేదు.

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, మనకు రెండు మాటలు. కుమారుడు సెలవులకు జుట్టు పెంచుకొని వస్తే గడపలోనే తగువు పెట్టవద్దు. అన్నం పెట్టి, ఎట్లున్నవు బిడ్డా, హాస్టల్ల ఏం తింటున్నరు అని అడగండి. కుమార్తె ఫోటో ధర్నాలో జీన్సుతో పేపర్లో పడితే ‘మన పరువు పోయింది’ అనే ముందు, ఆ పిల్ల పట్టుకున్న అట్టముక్క మీద ఏమి వ్రాసి ఉందో చదవండి. మగపిల్లవాని బట్టల గురించి ఒక మాట అనేవాళ్ళు ఆడపిల్ల బట్టల గురించి వంద అంటారు. ఆ వంద మాటల కింద ఆమె చెప్పిన ఒక్క మాట నలిగిపోతుంది.

పిల్లలు చెప్పినది నిజమని తేలితే వాళ్ళను ఒంటరిగా పంపవద్దు. మన పంచె, మన తెల్ల చొక్కా, మన నెరసిన జుట్టు వారికి అక్కరకు రానీయండి. లోకం బట్టను చూసే గుమ్మం తెరుస్తుందంటే, ఆ గుమ్మం దాటగల బట్ట మన ఒంటి మీద ఉంది కదా. ఎస్తేరుకు రాజవస్త్రములు ఇలాంటి సమయము కొరకే ఇయ్యబడ్డాయి.

ఆ కుమారుడు ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత ఒక సోమవారం మేమిద్దరం కలిసి వెళ్ళాము. వినతిపత్రం అతడే వ్రాశాడు. అతని జుట్టు అలాగే ఉంది, నేను ఏమీ అనలేదు. అధికారి నన్ను చూసి కూర్చోండి పాస్టరు గారూ అన్నాడు. నేను కూర్చోకుండా, “సార్, చెప్పవలసినవాడు ఇతడు” అని ఆ కుర్చీ అతనికి జరిపాను. అతడు చెప్పాడు. ఈసారి నేను కూడా విన్నాను.

ప్రభువు మన కన్నులకు తన చూపును, మన చెవులకు తన ఓపికను అనుగ్రహించును గాక. ఆమేన్.